రెక్కలున్న రాకెట్‌తో మొదలుపెట్టండి, పీఎస్‌ఎల్‌వీ తర్వాత

విజయవాడలోగానీ గుంటూరులోగానీ ఏ స్కూలు సైన్స్ ఎగ్జిబిషన్‌కి వెళ్ళినా రాకెట్ల బల్ల మీద నిలబడి ఉండేది పీఎస్‌ఎల్‌వీయే. పీవీసీ పైపుకి తెల్లరంగు వేసి, చుట్టూ ఆరు చిన్న గొట్టాలు అంటించి, మీద జెండా బొమ్మ. శ్రీహరికోట మనకు ఒక పూట ప్రయాణం. ప్రయోగం చూడ్డానికి పిల్లలు బస్సులెక్కి వెళ్ళొస్తుంటారు. కళ్ళారా చూసినదాన్నే చెయ్యాలనుకోవడంలో తప్పేమీ లేదు.

ఆ పిల్లలే ఇంజినీరింగ్‌లో చేరి, నిజంగా ఎగిరే మిడ్-పవర్ స్కేల్ మోడల్ (అసలు రాకెట్‌ని కొలతల ప్రకారం చిన్నది చేసి, ఓ మోస్తరు బలమున్న మోటారుతో ఎగరేసేది) కడదామనుకున్నప్పుడు అడిగే మొదటి ప్రశ్న కూడా దాని గురించే. "పీఎస్‌ఎల్‌వీకి రెక్కలుండవు కదా, మేం అద్దంలాంటి ప్లాస్టిక్ రెక్కలు పెడతాం. దూరం నుంచి కనపడవు. సరిపోతుందా?"

సరిపోతుంది. ఎగురుతుంది కూడా. అయినా మొదటి మోడల్‌గా అది వద్దంటాను. ఆర్‌హెచ్-200 లాంటి సౌండింగ్ రాకెట్టో (పై వాతావరణాన్ని పరిశీలించడానికి పంపే చిన్న రాకెట్), లేదంటే మన మొదటి ఉపగ్రహ వాహకం ఎస్‌ఎల్‌వీ-3యో కట్టమంటాను. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది రుచుల తేడా కాదు.

స్కేల్ దేనికి?

పీఎస్‌ఎల్‌వీ ఎత్తు 44 మీటర్లు, కింది దశ వ్యాసం 2.8 మీటర్లు. 1:50లో కడితే 88 సెంటీమీటర్ల ఎత్తు, 56 మిల్లీమీటర్ల గొట్టం. చేతికి ఇమిడే మంచి సైజు. పక్క బూస్టర్లు 20 మి.మీ. గొట్టాలవుతాయి. ఇక్కడిదాకా అంతా బాగుంది. కానీ అసలు పీఎస్‌ఎల్‌వీ గాలిలో నిటారుగా ఎలా పోతుంది? మొదటి దశ నాజిల్‌లోకి పక్కనుంచి స్ట్రాన్షియం పెర్‌క్లోరేట్ ద్రావణాన్ని చిమ్మి మంటనే పక్కకు వంచుతారు. ఎటు ఎంత వంచాలో లోపలున్న కంప్యూటర్ క్షణక్షణం లెక్క కడుతుంది. అందుకే దానికి పెద్ద రెక్కల అవసరం లేదు.

మన మోడల్లో కంప్యూటర్ లేదు, వంచే మంటా లేదు. దాన్ని దారిలో పెట్టేది రెక్కలు మాత్రమే. పైగా పీఎస్‌ఎల్‌వీ హీట్‌షీల్డ్ 3.2 మీటర్లు, అంటే కింది గొట్టం కంటే తల లావు. మోడల్లో 64 మి.మీ. తల కింద 56 మి.మీ. ఒళ్ళు. ఆ లావు తల గాలి పీడనం పనిచేసే చోటుని, అంటే పీడన కేంద్రాన్ని, ముందుకు లాగుతుంది, అది స్థిరత్వానికి చేటు. దాన్ని సరిచెయ్యడానికి పెద్ద పారదర్శక రెక్కలు, ముక్కులో బోలెడు బరువు. చివరికి కంటికి కనిపించేది పీఎస్‌ఎల్‌వీ, గాలికి తగిలేది ఇంకేదో రాకెట్.

ఆర్‌హెచ్-200 సంగతి వేరు. రెండు దశల చిన్న రాకెట్ అది. పేరులోని 200 దాని కింది దశ వ్యాసమే, సుమారుగా, మిల్లీమీటర్లలో. పొడవు సుమారు 3.6 మీటర్లు. దాన్ని నడిపే కంప్యూటర్ లేదు, రెక్కలే దాని చుక్కాని. లాంచర్ కోణాన్ని గాలిని బట్టి ముందే సరిచేసి వదులుతారు, ఆ తర్వాత దాని దారి దానిదే. 1:4లో కట్టండి: కింద 50 మి.మీ. గొట్టం, పైన ఇంకాస్త సన్నటిది, మొత్తం 90 సెంటీమీటర్ల పొడవు. మీ మోడల్ ఏ సూత్రంతో ఎగురుతుందో అసలుదీ అదే సూత్రంతో ఎగురుతుంది. మీరు పొలంలో గాలి చూసి రాడ్‌ని (మొదట్లో రాకెట్ జారుతూ పైకి లేచే కడ్డీ) రెండు డిగ్రీలు వంచినప్పుడు చేసేది కేరళలోని తుంబా ప్రయోగ కేంద్రంలో ఇంజినీర్లు చేసే పనే. 2022 నవంబర్ 23న వరుసగా 200వ సారి విజయవంతంగా ఎగిరిన రాకెట్ అది. మన ఎగ్జిబిషన్ బల్లల మీద మాత్రం ఎక్కడా కనపడదు.

ఆర్‌హెచ్-200 పేరుతో పెట్టె దొరక్కపోతే 50 మి.మీ. గొట్టమున్న మామూలు మిడ్-పవర్ కిట్ తెచ్చుకోండి. రెక్కలు, ముక్కు, సన్నటి పై దశ మాత్రం అసలుదాని ఆకారంలో మీరే చేసుకోండి. పక్కనుంచి తీసిన మంచి ఫొటో ఉంటే చాలు: కింది దశ 200 మి.మీ. వ్యాసాన్నే కొలబద్దగా పెట్టుకుంటే మిగతా కొలతలన్నీ ఫొటోలోంచే వస్తాయి. అమెరికా సౌండింగ్ రాకెట్లయిన నైకీ కుటుంబం కిట్లయితే విదేశాల్లో చాలాకాలంగా ఉన్నాయి. 1963 నవంబర్ 21న తుంబా నుంచి మొట్టమొదట ఎగిరింది నైకీ-అపాచీ, కాబట్టి అదీ మన కథలోదే. ఒక్క జాగ్రత్త: ఆర్‌హెచ్-200, నైకీ-అపాచీ లాంటి రెండు దశల రాకెట్లలో పై దశకీ రెక్కలుంటాయి. ఒకే మోటారుతో ఎగరేసే మోడల్లో ఆ నడిమి రెక్కలు పీడన కేంద్రాన్ని ముందుకు జరుపుతాయి. కొలతల ప్రకారమే పెట్టాలి, కానీ వాటిని లెక్కలో కలపడం మర్చిపోకూడదు.

తోకలో చేరే ప్రతి గ్రాము

స్థిరత్వం అంటే సీజీ, సీపీల మధ్య దూరం. సీజీ అంటే రాకెట్‌ని వేలిమీద సరితూచినప్పుడు నిలిచే చోటు, సీపీ అంటే గాలి తోపుడంతా కూడి పనిచేసే చోటు. సీజీ ముందుండాలి, సీపీ వెనకుండాలి, మధ్యలో కనీసం ఒక గొట్టపు వ్యాసమంత దూరం ఉండాలి. మన 50 మి.మీ. గొట్టానికి 50 మి.మీ. సీపీని ఓపెన్‌రాకెట్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా లెక్కగట్టి ఇస్తుంది. సీజీని మాత్రం సాఫ్ట్‌వేర్‌ని నమ్మకుండా చేత్తో చూడాలి, అదీ మోటారు, పారాచూట్ అన్నీ పెట్టాక. కొత్త మోటారు తోకలో ఉన్నప్పుడే సీజీ అన్నిటికంటే వెనక ఉంటుంది.

ఒక ఉదాహరణ. మొత్తం 600 గ్రాములు, సీజీ ముక్కు కొస నుంచి 550 మి.మీ., సీపీ 610 మి.మీ. అనుకుందాం. తేడా 60 మి.మీ., బాగానే ఉంది. ఇప్పుడు రెక్కల మొదళ్ళలో 'గట్టిగా ఉంటుంది' అని 20 గ్రాముల ఎపాక్సీ ఎక్కువ పూశారు. సీజీ 560కి జరిగింది, సరిగ్గా అంచు మీద నిలబడ్డారు. అనుకున్న మోటారు దొరక్క 50 గ్రాములు బరువైనది పెట్టారు. సీజీ 581, మిగిలిన తేడా 29 మి.మీ. ఇది రాడ్ వదిలిన పది మీటర్లలో తల తిప్పే రాకెట్. మళ్ళీ ఒక వ్యాసం తేడాకి తేవాలంటే ముక్కు కొసన దాదాపు 30 గ్రాముల బంకమట్టి కావాలి. ఇరవై గ్రాముల అజాగ్రత్త, ముప్పై గ్రాముల ప్రాయశ్చిత్తం, మొత్తం 700 గ్రాములు. మోటారు లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

అందుకే పక్కన వంటింటి డిజిటల్ కాటా పెట్టుకుని ప్రతి మెట్టుకీ తూచి రాసుకోవాలి. గొట్టంతోనే మొదలవుతుంది ఈ బాధ. కిట్‌లో వచ్చే గొట్టం గోడ ఒక మిల్లీమీటరు మందం ఉంటుంది, 90 సెం.మీ. ముక్క వంద గ్రాముల లోపే తూగుతుంది. అదే సైజుది కదా అని బట్టల కొట్లో తాను చుట్టిన అట్ట గొట్టం తెస్తే దాని గోడ మూడు మిల్లీమీటర్లుంటుంది, బరువు పావుకిలో దాటుతుంది.

రెక్కలకి 3 మి.మీ. బిర్చ్ ప్లైవుడ్ గట్టిది. బాల్సా అయితే 5 మి.మీ. తీసుకుని రెండువైపులా కాగితం అంటించాలి, చెక్క పోగు రెక్క ముందంచుకు సమాంతరంగా ఉండాలి. పోగు అడ్డంగా ఉంటే నేల తగలగానే మొదలంటా విరుగుతుంది. మిడ్-పవర్‌లో రెక్కల్ని గొట్టం పైన అంటించి ఊరుకోకూడదు. గొట్టానికి చీలికలు కోసి, రెక్క మడమ లోపలి మోటారు గొట్టం దాకా వెళ్ళి అక్కడ అతకాలి. ముందు జిగురు లేకుండా అన్నీ పొడిగా అమర్చి చూసుకోండి. చీలిక అర మిల్లీమీటరు ఇరుకైనా జిగురు పూసిన తర్వాత తెలిస్తే ఏమీ చెయ్యలేరు.

జిగురుల్లో మన ఎండకి ఒక పాఠం ఉంది. అయిదు నిమిషాల ఎపాక్సీ మే నెలలో అయిదు నిమిషాలు ఆగదు, రెండు మూడు నిమిషాల్లోనే బిగుసుకుంటుంది. మోటారు గొట్టం దగ్గర రాత్రంతా ఆరే రకమే వాడండి, వేడినీ అదే బాగా తట్టుకుంటుంది. కాగితానికీ చెక్కకీ మధ్య ఫెవికాల్ రకం తెల్ల జిగురు చక్కగా పనిచేస్తుంది. కానీ రెండు గొట్టాల్ని కలిపే కప్లర్‌ని లోపలికి తోసేచోట వాడితే సగం దూరంలోనే పట్టేసి కదలదు. అదే జిగురు ఆరేటప్పుడు ముడుచుకుని పల్చటి గొట్టానికి నడుము కూడా తెస్తుంది, పైన ఎంత రంగేసినా ఆ నొక్కు దాగదు.

ముక్కు విషయంలో మనకొక అదృష్టం ఉంది. కొండపల్లి బొమ్మలకి వాడే తెల్ల పొణికి తేలికైన, మెత్తటి చెక్క. లేత్ ఉన్న వడ్రంగి చేత దాంతో ముక్కు తీయించి, లోపల గుల్ల చేయించుకుంటే కొసలో మట్టి పెట్టుకోవడానికి చోటూ దొరుకుతుంది. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ఆ బొమ్మల అతుకులు పూడ్చే పద్ధతి చూస్తే చెక్క రంధ్రాల్ని, గొట్టం మీది మెలికల గీతల్ని పూడ్చాక ఎంత పల్చగా గీకెయ్యాలో అర్థమవుతుంది. పూడ్చిందంతా అక్కడే ఉండిపోతే అది బరువే. వానాకాలంలో స్ప్రే రంగు కొట్టొద్దు, గాలిలో తేమకి పైన తెల్లటి పొగ కమ్మినట్టవుతుంది. రంగు మొత్తం 40 గ్రాములు దాటుతోందంటే ప్రైమర్ ఎక్కువైందని లెక్క. 400 నంబరు ఉప్పుకాగితంతో తడిపి రుద్దాలి.

ఒకే అక్షరం, రెండు మోటార్లు

మోటారు మీద ఎఫ్ అని ఉంటే దాని మొత్తం శక్తి 40 నుంచి 80 న్యూటన్-సెకన్ల మధ్య. ఇది ఈ, అది ఎఫ్ అంటూ అక్షరం ఒక్కటే చూసి ఎంచుకోవడం చాలామంది చేసే పొరపాటు. అక్షరం పక్క అంకె సగటు తోపుడు, న్యూటన్లలో. అసలు చూడాల్సింది అదే. రాకెట్ బరువుకి అయిదు రెట్లు తోపుడు కావాలన్నది పాత నియమం. 600 గ్రాములంటే దాదాపు 6 న్యూటన్లు, కాబట్టి 30 న్యూటన్లకు తగ్గకూడదు.

మీటరున్నర రాడ్ మీద 40 న్యూటన్ల ఎఫ్ మోటారు పెడితే రాడ్ వదిలేసరికి రాకెట్ వేగం సెకనుకి 13 మీటర్లు. రెక్కలకి గాలి పట్టు దొరకడానికి అది చాలు. అదే రాకెట్‌కి 15 న్యూటన్ల ఎఫ్ పెడితే సగటు తోపుడు మీద లెక్క 7 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. ఈ మోటార్లు మొదట్లో కాస్త ఎక్కువ తోస్తాయి నిజమే, కానీ అంత బరువుకి ఆ ఊపు చాలదు. ఏ గాలి వీచినా తల అటు తిరుగుతుంది. మొత్తం శక్తి రెండిట్లోనూ దాదాపు సమానం కావచ్చు, కానీ ఒకటి నిటారుగా పోతుంది, రెండోది పక్క చేలోకి పోతుంది.

చివరి అంకె ఆలస్యం, సెకన్లలో. మందు అయిపోయాక ఎన్ని సెకన్లకి పారాచూట్ తన్నాలో అది. మన ఉదాహరణ రాకెట్ 40 న్యూటన్ల మోటారుతో సుమారు 240 మీటర్ల ఎత్తుకు పోతుంది, మందయ్యాక ఆరు సెకన్లకి శిఖరం చేరుతుంది. కాబట్టి 6 కావాలి. పది సెకన్లది పెడితే నాలుగు సెకన్లు కిందికి దూకి, గంటకి 130 కిలోమీటర్ల వేగంలో ఉండగా పారాచూట్ తెరుచుకుంటుంది. అప్పుడు పారాచూట్‌ని రాకెట్‌కి కట్టిన తాడు గొట్టాన్ని జిప్ తీసినట్టు పైనుంచి కిందికి చీలుస్తుంది. తాడు పొడవు రాకెట్ పొడవుకి మూడింతలు ఉంచండి, మనకి 2.7 మీటర్లు. మోటారు గొట్టానికి వేడిని తట్టుకునే కెవ్లార్ తాడుతో ముడివేసి, పై భాగం ఎలాస్టిక్ కట్టండి. పారాచూట్ 80 సెంటీమీటర్లది ఉంటే సెకనుకి 5 మీటర్ల చొప్పున దిగుతుంది. దాని కింద నిప్పంటని నోమెక్స్ గుడ్డ గానీ అగ్గి అంటుకోని కాగితం గానీ పెట్టాలి. మామూలు దూది, పాత గుడ్డ పెడితే అవి రాజుకుని నేల మీదికి నిప్పు రాలుతుంది.

ఇక మోటారు ఎక్కడ దొరుకుతుందనేది. కిట్ అంటే అట్ట, చెక్క, ప్లాస్టిక్. మోటారు అలా కాదు. లోపల ఉన్నది మందు. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నిబంధనల కిందికి వచ్చే వస్తువది. లైసెన్సున్న చోటు నుంచి, లేదా అనుమతులు తీసుకుని ప్రయోగాలు నడిపే నిర్వాహకుల దగ్గరే తీసుకోవాలి. తారాజువ్వల మందు విప్పి గొట్టంలో కూరడం, ఇంట్లో ఏదో కలిపి పొయ్యి మీద కాచడం లాంటి మాటలు ఎవరు చెప్పినా అక్కడితో ఆపెయ్యండి. వేళ్ళు పోతాయి, కళ్ళు పోతాయి. మోటారు దొరికేదాకా మోడల్ బీరువా మీద నిలబడి ఉన్నా నష్టం లేదు.

దొరికాక దాన్ని ఎండ నుంచి కాపాడుకోవాలి. నల్ల మందుగుండు (బ్లాక్ పౌడర్) మోటార్లలో మందు గట్టి కడ్డీలా కాగితపు గొట్టానికి అతుక్కుని ఉంటుంది. మధ్యాహ్నం బండి డిక్కీలో మరిగి, రాత్రి చల్లబడి, మళ్ళీ మరిగితే ఆ అతుకు వదిలి సన్నటి పగుళ్ళు వస్తాయి. పైకి ఏమీ కనపడదు. ముట్టించగానే మంట ఆ పగుళ్ళలోకి పాకి మోటారు పేలిపోతుంది. బెజవాడ వేసవికి ఇది నిజంగా భయపడాల్సిన విషయం. రబ్బరులాంటి మందుండే కాంపోజిట్ మోటార్లకి ఈ జబ్బు లేదు, కానీ అవి అంత తొందరగా అంటుకోవు. ముట్టించే తీగని (ఇగ్నైటర్) లోపల పైకంటా తోసి టేపు వెయ్యాలి.

ఎక్కడ, ఎప్పుడు

అమెరికాలోని నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ భద్రతా నియమావళి ఈ తరగతి మోటార్లకి కనీసం వెయ్యి అడుగుల, అంటే 300 మీటర్ల మైదానం అడుగుతుంది. మన లెక్క చూస్తే అది అత్యాశ కాదు. 240 మీటర్ల నుంచి సెకనుకి 5 మీటర్ల చొప్పున దిగడానికి 48 సెకన్లు. సెకనుకి 4 మీటర్ల గాలి, అంటే చేతిరుమాలు రెపరెపలాడేంత గాలి ఉన్నా 190 మీటర్లు కొట్టుకుపోతుంది. ప్యాడ్‌ని మైదానం మధ్యలో కాకుండా గాలి వచ్చేవైపు అంచున పెట్టాలి.

డెల్టాలో వరి కోతలయ్యాక పొలం ఖాళీగా ఉందనిపిస్తుంది గానీ, మాగాణుల్లో చాలాచోట్ల అప్పటికే మినుము మొలిచి ఉంటుంది. తొక్కుకుంటూ రాకెట్ వెతకడం రైతుకి నష్టం. గుంటూరు వైపు ఫిబ్రవరి నుంచి కళ్ళాల్లో మిర్చి ఆరబోసి ఉంటుంది, పక్కన గడ్డివాములు. ఒక్క నిప్పురవ్వ చాలు. పొలం గలాయనతో ముందు మాట్లాడకుండా ప్యాడ్ దించొద్దు. కృష్ణ ఇసుక మేటలు నిప్పుకి మంచివే, కానీ పై నుంచి నీళ్ళు వదులుతున్నారో లేదో కనుక్కోకుండా నదిలోకి దిగకూడదు. గన్నవరం విమానాశ్రయం దారిలో ఎక్కడా వద్దు. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల థర్మల్ కేంద్రం నుంచి వచ్చే హైటెన్షన్ తీగలు నాలుగు దిక్కులా పోతుంటాయి. తీగ మీద పడ్డ రాకెట్‌ని వదిలెయ్యాలి. కర్రతో లాగడం, ఎక్కడం ప్రాణాల మీదికి తెస్తుంది.

జనవరిలో పొద్దున్నే గాలి నెమ్మదిగా ఉంటుంది, కానీ నది పక్కన మంచు విడేదాకా ఆగాలి, రాకెట్ కనపడకపోతే ఎగరేసి ప్రయోజనం లేదు. పన్నెండు వోల్టుల బైకు బ్యాటరీ, తాళంచెవి ఉన్న స్విచ్చు, 9 మీటర్లకి తగ్గని వైరు, ప్యాడ్ కింద ఇనుప రేకు, పక్కన రెండు బకెట్ల నీళ్ళు. నొక్కినా అంటుకోకపోతే తాళంచెవి తీసి ఒక నిమిషం నిలబడండి. ఆ నిమిషం చాలా పొడుగ్గా అనిపిస్తుంది, అయినా నిలబడండి.

ఎదురు వాదన

పీఎస్‌ఎల్‌వీ అంటేనే పిల్లలు గుంపుగా వస్తారు, ఆర్‌హెచ్-200 అంటే ఎవరికి తెలుసు అన్నది అందరూ చెప్పే అభ్యంతరం. దీన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేను. ఆరు నెలలు ఓపికగా కట్టాలంటే ఆ రాకెట్ మీద ప్రేమ ఉండాలి. ప్రేమ ఉన్నచోటే చెయ్యి జాగ్రత్తగా కదులుతుంది. పారదర్శక రెక్కలు మోసమేమీ కావు, పోటీల్లో కూడా చెల్లుతాయి. అందుకే మధ్యేమార్గంగా ఎస్‌ఎల్‌వీ-3 చెబుతుంటాను. 22 మీటర్లు, మొదటి దశ ఒక మీటరు వ్యాసం, తోకలో రెక్కలు. 1:20లో 110 సెం.మీ., మళ్ళీ అదే 50 మి.మీ. గొట్టం. 1980 జులై 18న రోహిణిని కక్ష్యలో పెట్టిన రాకెట్ అది. పేరు చెబితే ఇంట్లో పెద్దవాళ్ళు కూడా లేచొస్తారు.

ఇంకొక అభ్యంతరం బరువైనది: 'మొదటిదే కష్టమైనది కడితే ఎక్కువ నేర్చుకుంటారు కదా?' అలా జరగడం లేదు. పీఎస్‌ఎల్‌వీ మోడల్ పక్కకి పడిపోతే కారణం లావు తలా, ఆరు బూస్టర్ల గాలి నిరోధమా, రెక్క వదులైందా, ముక్కులో బరువు చాలలేదా, మోటారు తోపుడు తక్కువా అన్నది ఎవరూ తేల్చలేరు. అయిదు తప్పులు ఒకేసారి జరిగితే ఒక్కటీ కనపడదు. నున్నటి గొట్టానికి రెక్కలున్న రాకెట్ పడితే కారణం ఒక సాయంత్రంలో దొరుకుతుంది: సీజీ చూస్తారు, రాడ్ మీది వేగం లెక్కేస్తారు, ఆలస్యం అంకె చదువుతారు. పై ఆదివారానికి సరిచేసి మళ్ళీ ఎగరేస్తారు.

ఇవి రెండు మూడు ఎగరేశాక పీఎస్‌ఎల్‌వీకి రండి. అప్పుడు రెక్కలకి అక్రిలిక్ తీసుకోకండి, నేల తగిలితే పెంకులా పగులుతుంది. 2 మి.మీ. పాలీకార్బొనేట్ తీసుకోండి, వంగుతుంది గానీ విరగదు. నున్నటి పాలీకార్బొనేట్‌కి ఎపాక్సీ సరిగ్గా అతకదు. లోపలికి వెళ్ళే మడమ భాగాన్ని 120 నంబరు ఉప్పుకాగితంతో మసకబారేదాకా రుద్ది, అందులో రెండు మిల్లీమీటర్ల బెజ్జాలు నాలుగైదు వెయ్యండి. ఎపాక్సీ ఆ బెజ్జాల గుండా రెండువైపులా కలిసి మేకులా బిగుస్తుంది. పైకి కనిపించే భాగానికి వేసిన రక్షణ కాగితాన్ని రంగులన్నీ అయ్యేదాకా ఒలవకండి.